పెద్ద ట్యాంకు

దొంగ కాగితం తయారుచేసింది బావమరిది. చమురు క్షేత్రం గేటు ముందు ముచ్చెమటలు పట్టింది మాత్రం బావకి.

బావ ట్యాంకర్ డ్రైవరు. దొంగతనానికి కొత్త. పోలీసుల భయం ఒకెత్తు, పట్టుబడితే ఇంట్లో ఆవిడకి ఏం చెప్పాలన్న భయం ఒకెత్తు. ఈ ఒక్క ట్యాంకర్ ముడిచమురుతో గేటు దాటితే చాలు, మళ్ళీ జన్మలో ఇలాంటి పని చేయనని ఒట్టు పెట్టుకున్నాడు.

కాపలాదారు కాగితం చూసి లోపలికి ఫోన్ చేశాడు. పంపుల వైపు నుంచి నూనె మరకల బూట్లతో ఒకావిడ వచ్చి, దాన్ని రెండుసార్లు చదివింది.

"ఏ ట్యాంకు నుంచి నింపాలో రాయలేదే?"

బావమరిది లోపలికి తొంగిచూసి, అన్నిటికంటే పెద్ద ట్యాంకు వైపు వేలు చూపించాడు.

"అదే మేడమ్. మీ సూపర్‌వైజరు గారు మరీమరీ చెప్పారు. ఆయనా నేనూ ఒకే కంచంలో తిన్నవాళ్ళం."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి నవ్వింది. సరే, రమ్మంది.

అక్కణ్ణుంచి మొదలైంది నస. అగ్గిపెట్టెలు, ఫోన్లు గేటు దగ్గరే వదిలించింది. గేటు పుస్తకంలో ఫోన్ నంబరు రాయమంటే బావ కంగారులో సొంత నంబరే రాసేశాడు. హెల్మెట్లు పెట్టించి, చక్రాలకి దిమ్మలు వేయించి, బండికి ఎర్తు వైరు తగిలించేదాకా గొట్టం ముట్టుకోనివ్వలేదు. ట్యాంకర్ నిండాక మాత్రం దగ్గరుండి మూత బిగించి, టీ తాగించి, ఫోన్లు తిరిగి ఇప్పించి మరీ సాగనంపింది. దారి పొడుగునా బావమరిదివి ఈలలే ఈలలు. అంత మంచి మనిషిని మోసం చేశామే అని బావకి మనసు చివుక్కుమంది.

కొనేవాడి షెడ్డులో ఆ ఈలలు ఆగిపోయాయి. అతను కుళాయి తిప్పి, బకెట్లోకి చూసి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని థూ అని ఉమ్మాడు.

"ఉప్పునీళ్ళురా నాయనా! ముసలి బావుల్లో చమురు కంటే నీళ్ళే ఎక్కువ. పెద్ద ట్యాంకు చూసి నింపుకొచ్చారేమో, అది ఆ నీళ్ళకే. ఆ మాత్రం తెలీకుండానే బయల్దేరారా?"

బావమరిది తనూ బకెట్లో వేలు ముంచి చూసుకున్నాడు. బావకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. చమురు పోలేదు, కేసు లేదు, ఇంట్లో ఆవిడకి తెలియదు. హమ్మయ్య అనుకునేలోపే ఫోన్ మోగింది.

ఆ బూట్ల ఆవిడే. గొంతు మహా హుషారుగా ఉంది. ఆ ఉప్పునీళ్ళు మోసే తమ లారీ చెడిపోయి నాలుగు రోజులుగా రిపేరులో పడి ఉందట. పెద్ద ట్యాంకు పొంగిపోతుందని ఇవాళ బావులన్నీ ఆపేయబోతుంటే దేవుళ్ళలా వచ్చారట. ఆ నీళ్ళు ఎక్కడా పారబోయకుండా వాటిని తిరిగి భూమిలోకి పంపే పక్క పంపింగ్ స్టేషన్‌లో దింపాలట. లారీ బాగయ్యేదాకా రోజుకి మూడు ట్రిప్పులట.

"ఎందుకు రావాలి మేడమ్?" అన్నాడు బావ నీరసంగా.

"రాకపోతే పోలీసులకి చెప్పాలి కదా బాబూ. మీ బావమరిదితో ఒకే కంచంలో తిన్న సూపర్‌వైజర్ని నేనే."