మూడు జవాబులు

"ఆ రోజు కారు నడిపింది ఎవరమ్మా?"

బోనులో నిలబడ్డ తొమ్మిదేళ్ళ పిల్ల తల తిప్పి చూసింది. ఎదురుగా బెంచీ మీద ఇద్దరున్నారు. ఒకడు మిల్లు యజమాని. రెండోవాడు అతని డ్రైవరు. "నేనే నడిపాను, నేనే గుద్దాను" అంటూ నేరాన్ని నెత్తిన వేసుకున్న మనిషి.

"మిల్లు అయ్యగారు" అంది పిల్ల.

గుమాస్తా వేళ్ళు టకటకా ఆ రెండు మాటలనూ కంప్యూటర్లోకి ఎక్కించేశాయి. గోడవారగా నిలబడ్డ తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. మిల్లు గేటు దగ్గర చక్రాల కింద నలిగిపోయిన హమాలీ ఆమె మొగుడు. ఆ మధ్యాహ్నం అతనికి క్యారియర్ తీసుకెళ్ళింది ఈ పిల్లే. చూసినవాళ్ళు ఇంకో పదిమంది ఉన్నారు. పదిమందీ ఆ మిల్లులో మూటలు మోసేవాళ్ళే. పొట్ట మిల్లులో ఉంటే నోరు కోర్టులో ఎలా లేస్తుంది? ఒక్కొక్కడూ "నేను అటు తిరిగి ఉన్నానండీ" అనేసి జారుకున్నాడు. ఇక మిగిలింది పిల్ల ఒక్కతే.

పిల్ల తల్లి తరఫున ప్రశ్న అడిగిన లాయరమ్మకు యాభై దాటాయి. ఒంటి మీద నల్లకోటుకు నెల కూడా నిండలేదు. ఇరవై ఆరేళ్ళు చిన్నపిల్లలకు చదువు చెప్పింది. పుస్తకంలో ఉన్న న్యాయం వీధిలో ఎక్కడా కనబడక, ఆ ఉద్యోగం వదిలేసి లా చదివింది. ఈ పిల్ల కూడా ఆమె దగ్గరే అక్షరాలు దిద్దింది. కోర్టులో ఏం చెప్పాలో ఒక్క ముక్క నేర్పకుండా తీసుకొచ్చింది. కళ్ళతో చూసినదానికి నేర్పేదేముంటుంది?

యజమాని తరఫు పెద్ద లాయరు కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "పంతులమ్మగారూ, హాజరు వేసుకోవడం అయిందా? బెల్లు కొట్టించమంటారా?"

వెనక బెంచీల్లో నల్లకోట్లన్నీ ఇకఇకలాడాయి.

ఆమెకు చురుక్కుమంది. నవ్వండిరా! ఈ నవ్వే నోళ్ళన్నీ మూతపడేలా పిల్ల ఆ మాట ఇంకోసారి చెప్పాలి. హాలు హాలంతా వినాలి.

"బాగా ఆలోచించి చెప్పమ్మా. కారు నడిపింది ఎవరు?"

పిల్ల ఉలిక్కిపడింది. లాయరమ్మ మొహంలోకి చూసింది, బెంచీ వైపు చూసింది, మళ్ళీ లాయరమ్మను చూసింది.

"డ్రైవరు... డ్రైవరు మామ."

హాలంతా కలకలం రేగింది. "అయ్యో, అదేంటే!" అని తల్లి గోడకు చేరగిలబడింది.

"అది కాదమ్మా, ఇందాక నువ్వు..."

పెద్ద లాయరు ఈసారి లేచాడు. "అయ్యా, సాక్షికి జవాబు అందిస్తున్నారు! ఇదేమన్నా పరీక్ష హాలా?"

"ప్రశ్న వరకే అడగండి" అన్నారు జడ్జిగారు.

లాయరమ్మ బోనుకు ఇంకో అడుగు దగ్గరగా జరిగింది. "భయపడకు తల్లీ. ఇంకొక్కసారి అడుగుతున్నా. సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు. ఎవరు నడిపారు?"

పిల్ల పెదాలు బిగించింది. కళ్ళలో నీళ్ళు సుడులు తిరిగాయి.

"నేను... నేను చూడలేదు."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మూడుసార్లు అడిగితే మూడు జవాబులు. ఏది నమ్మమంటారమ్మా?" అని, అటు తిరిగి "మీరేమైనా అడుగుతారా?" అన్నారు.

"ఆవిడ నాకేం మిగిల్చారండీ అడగడానికి?" అన్నాడు పెద్ద లాయరు, చేతులు దులుపుకుంటూ.

సాక్షి లేని కేసు ఎంతసేపు నిలుస్తుంది? యజమాని మీద కేసు కొట్టేశారు. డ్రైవరును పోలీసు వ్యాను ఎక్కించారు. డ్రైవరు లేడు కాబట్టి, యజమాని అదే కారు తనే నడుపుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

వరండాలో పిల్ల తల్లి జబ్బ పట్టుకుంది లాయరమ్మ. "ఎవరొచ్చారు మీ ఇంటికి? ఏమని బెదిరించారు? దాచకుండా చెప్పు!"

"పోయినాయన మీద ఒట్టు టీచరమ్మా! మా గుమ్మంలో కాకి కూడా వాలలేదు. పొద్దున ఇక్కడికొచ్చే దారిలో కూడా అయ్యగారే నడిపాడంది. దీని నోట్లో ఏ దయ్యం దూరిందో!"

"దయ్యం కాదు, మనిషే. వాడెవడో మధ్యలో దూరి దీన్ని తిప్పేశాడు. వాణ్ణి వదిలిపెడితే నేనీ కోటు వేసుకుని దండగ."

ఆమె కోటు నేలకు రాసుకుంటున్నా చూడకుండా పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడింది. చెంపల మీది చారికలు తుడిచింది. "ఎవరూ నిన్నేమీ చెయ్యరు. నేనున్నానుగా. జవాబు మార్చమన్నది ఎవరు బంగారం?"

పిల్ల చేతులు కట్టుకుని, భయంభయంగా అంది:

"మీరేగా టీచర్... ఒప్పు చెబితే కూర్చోమంటారు, తప్పయితేనేగా ఆలోచించి చెప్పమంటారు?"