హోసెలీతోకు అంత్యక్రియలు

కార్నివాల్ ఆఖరి మంగళవారం మా ఊరు బర్రాంకియాలో హోసెలీతో అనేవాణ్ణి ఉత్తుత్తిగా పాతిపెడతాం. పండుగ నాలుగు రోజులూ తాగి, ఆడి చచ్చిన సోగ్గాడు వాడు. ఈసారి ఆ శవం వేషం నాకిచ్చారు. నటించాల్సిన పని పెద్దగా లేదు మరి.

విధవ వేషం మా ఆవిడ యదీరాది. నేను పడుకున్న శవపెట్టెమీద పడి, "ఒరే సచ్చినోడా! నేను జ్వరంతో మూలుగుతుంటే డోలు కొట్టడానికి పోయావు కదరా! నా పుట్టినరోజు ఏనాడైనా గుర్తుందా నీకు!" అని గుండెలు బాదుకుంది. వీధంతా పడీపడీ నవ్వింది. నేను పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నాను.

ఊరేగింపు ముగిశాక లేచి కూర్చుని, "భలే నటించావే!" అన్నాను.

"నటనేంటి? ఇరవై ఏళ్ళుగా చెప్తూనే ఉన్నా. నువ్వు అడ్డుపడకుండా విన్నది ఇవాళే."

మళ్ళీ పెట్టెలో వెల్లకిలా పడుకుని, "ఇంకేమైనా ఉంటే చెప్పు" అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.