శుభ్రంగా తుడిచేశాం

“ఫొటోలేవిరా?”

స్టూడియో లోపలి గదిలో ఫొటోగ్రాఫర్ గొంతు కీచుమంది. కంప్యూటర్ ముందు కూర్చున్న బావమరిది మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. అప్పుడే ఎక్కించిన కొత్త సిస్టమ్ కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది. తెర మీద నీలి రంగు తప్ప ఇంకేమీ లేదు.

“నువ్వే కదా బావా, నత్తలా నడుస్తోంది, మొత్తం తీసేసి మొదట్నుంచి ఎక్కించమన్నావు!”

“సిస్టమ్ తియ్యమన్నాను. ఫొటోలు తియ్యమన్నానా?”

“డిస్క్ అంతా చెరిపెయ్యనా అని అది నన్నడిగింది. నేను నిన్నడిగాను. ఫోన్లో మాట్లాడుతూనే ‘ఊఁ, కానియ్’ అన్నావు.”

ఫొటోగ్రాఫర్ స్టూలు మీద కూలబడ్డాడు. పోయినవి పాస్‌పోర్టు ఫొటోలైతే మళ్ళీ రమ్మని తీసుకోవచ్చు. పోయింది ఒక పెళ్ళి. కెమెరా కార్డులు కూడా ఎప్పుడో ఖాళీ చేసి వేరే ఫంక్షన్లకి వాడేశాడు. ఇవాళ ఇస్తా, రేపు ఇస్తా అని నెలల తరబడి ఆల్బమ్ కోసం ఆ పెళ్ళివాళ్ళని తిప్పించుకుంటున్నాడు. ఇందాక ఫోన్ చేసింది ఆ పెళ్ళికూతురే. తనే వస్తోందట.

“ఇప్పుడేం చెప్పను? మళ్ళీ పెళ్ళి చేసుకోమననా?”

“దొంగలు పడ్డారని చెప్పు.”

“కంప్యూటర్ వదిలేసి, లోపలి ఫొటోలు మాత్రం ఎత్తుకెళ్ళారా?”

ముందు గది అద్దాల తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఫొటోగ్రాఫర్ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“అమ్మా, ఒక చిన్న పొరపాటు...”

“ముందు నన్ను చెప్పనివ్వండి. ఆ ఆల్బమ్ నాకొద్దు. మేం విడిపోయాం. అతని మొహం ఉన్న ఫొటో ఒక్కటి కూడా మీ దగ్గర ఉండకూడదు. తుడిచెయ్యండి. కాకపోతే...”

“తుడిచేశానమ్మా!”

ఫొటోగ్రాఫర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆమె మాట పూర్తి కానివ్వలేదు.

“ఇందాక ఫోన్లో మీ గొంతు వినగానే నాకు విషయం అర్థమైపోయింది. ఆడపిల్లకి ఇబ్బంది రాకూడదని అప్పటికప్పుడు కంప్యూటర్ మొత్తం కడిగించేశాను. ఇంక ఎవడొచ్చినా వెనక్కి తియ్యలేడు. కావాలంటే మా బావమరిదిని అడగండి!”

గుమ్మంలో నిలబడ్డ బావమరిది గంభీరంగా తలూపాడు. “మచ్చుకి ఒక్కటి కూడా మిగల్లేదు మేడమ్.”

ఆమె బావమరిది పక్కనుంచి లోపలి నీలి తెరకేసి చూసింది.

“అన్నీనా? అతనున్నవే కదండీ నేను తుడవమన్నది... కాకపోతే మా నాన్న ఫొటో ఒక్కటి తీసిపెట్టండి అనబోయాను. పోయినవారం ఆయన చనిపోయారు. కెమెరా చూస్తే మొహం తిప్పుకునే మనిషి, జన్మలో ఆ ఒక్క రోజే మీ ముందు నిలబడి నవ్వారు.”