పెద్దాయన గుడి

“మొదటిరోజే మిట్టమధ్యాహ్నం ఎండలో దీపస్తంభం కొండెక్కితే, రెండోరోజు కాళ్లు పట్టుకుని గదిలోనే కూర్చుంటారమ్మాయ్!”

సువాంగ్ ఉలిక్కిపడి నోటుపుస్తకం మూసింది.

రేవులో పక్క బెంచీ మీద కూర్చున్నాయన నవ్వుతున్నాడు. నెత్తిమీద చెవులదాకా దిగిన పాత టోపీ, చేతిలో అల్లం బిళ్లల పొట్లం.

“ఇంట్లో ఆరోవాణ్ణి, అందరూ ఆరో బాబాయ్ అంటారు. మాది మీరు వెళ్లే హోన్ లువా దీవే. ఇలా ఇయ్యి, సర్దిపెడతాను.”

పెళ్లయి పన్నెండు రోజులు. రెండు రోజుల ప్రయాణానికి ఆ పన్నెండు రోజులూ కూర్చుని ప్లాను వేసింది సువాంగ్. ఏ ఒడ్డున ఫొటో దిగాలో, ఏ కొట్లో కాల్చిన స్క్విడ్ తినాలో రాసి, పక్కన బొమ్మలు కూడా గీసింది.

“ఇచ్చెయ్,” అన్నాడు లామ్. “నీ ప్లాను ప్రకారం నేను రోజుకి ఏడుసార్లు తినాలి.”

“పోనీ, ఎనిమిదోసారి నన్ను తిను!” అని మొగుడి మోచేతిమీద గిల్లింది.

బాబాయ్ పెన్సిలు అందుకున్నాడు. “ఇప్పుడు నైరుతి గాలి. పడమటి ఒడ్డున అలలు మనిషెత్తు లేస్తాయి. ఈ మూడు చిన్న దీవులూ ముందు చూడండి. కొండ సాయంత్రం ఎక్కండి. మరి ఇదేమిటి, పెద్దాయన గుడి దగ్గర నక్షత్రం గుర్తు?”

ఆ తీరంలో తిమింగలాన్ని ఎవరూ తిమింగలం అనరు. పెద్దాయన అంటారు. చనిపోయి ఒడ్డుకు చేరితే పాతిపెట్టి, ఎముకల్ని గుడిలో ఉంచి కొలుస్తారు.

“అది మా నాన్న మొక్కు, బాబాయ్,” అంది సువాంగ్. “నేను పుట్టకముందు ఆ దీవి దగ్గరే నాన్న పడవ మునిగింది. పెద్దాయన వీపుమీద మోసుకొచ్చి ఒడ్డున పడేశాడట. ఆ భయంతో నాన్న మళ్లీ పడవెక్కలేదు. దూరంగా పోయి నారింజ తోట పెట్టుకున్నాడు. ఇప్పుడు ఎక్కుదామన్నా కాళ్లు రావు. పెళ్లయ్యాక నా మొదటి ప్రయాణం అక్కడికేనని, తన పేరు చెప్పి అగరొత్తులు వెలిగించమని ముప్పై ఏళ్ల మొక్కు నా చేతిలో పెట్టాడు.”

ఒళ్లో ఉన్న నారింజల సంచీని తట్టింది.

బాబాయ్ పెన్సిలు ఆగిపోయింది.

“రేపు పొద్దున ఎనిమిదింటికి గుడికి రండి,” అన్నాడు. “ఇప్పుడు ఎవరు పడితే వాళ్లు లోపలికి పోవడానికి లేదు. నేనుంటాను.”

ఇద్దరికీ చెరో అల్లం బిళ్ల ఇచ్చాడు. ఘాటుకి సువాంగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అదీ సరదాగానే ఉంది.

పడవ కూత వేసింది. బాబాయ్ లేచాడు. గాలికి టోపీ ఎగిరిపోయింది.

తలచుట్టూ తెల్లగుడ్డ. చావింటి గుడ్డ.

“పెళ్లయిన వంద రోజులదాకా చావు మైల ఉన్నవాళ్ల చేతి తిండి ముట్టకండి,” అని బయల్దేరేముందు అత్తగారు మూడుసార్లు చెప్పింది.

సువాంగ్ బిళ్లని రుమాల్లోకి ఉమ్మేసింది.

“కొత్త పెళ్లివాళ్లమని తెలుస్తూనే ఉంది కదా! మీకైనా ఉండొద్దా, బాబాయ్?”

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

ఆయన వంగి టోపీ తీసుకుని గుడ్డ కనబడకుండా పెట్టుకున్నాడు. “తప్పు నాదేనమ్మా. మీ నాన్న కథ వింటూ ఒళ్లు మరిచాను. నూరేళ్లు చల్లగా ఉండండి.”

పడవలో చిట్టచివరికి పోయి కూర్చున్నాడు.

“ఎవరు పోయారో అడగాల్సింది,” అన్నాడు లామ్.

“ఎవరైతే మనకేం?”

ఆయన పెన్సిలు తగిలిన కాగితాన్ని చింపేసింది. మనిషి ఎదురుపడకుండా గుడిని మర్నాడు మధ్యాహ్నానికి, తిరుగు పడవకి ముందుకి జరిపింది.

పడమటి ఒడ్డున అలలకి నిలువునా తడిశారు. కొండెక్కి కాళ్లు పీకాయి. అయినా నవ్వుతూనే ఉన్నారు. మర్నాడు పొద్దున నాన్న ఫోన్ చేశాడు.

“వెలిగించావా తల్లీ?”

“మధ్యాహ్నం, నాన్నా. నీ నారింజలు వాడిపోలేదులే!”

పన్నెండున్నరకి గుడి చేరారు. లోపలి తలుపుకి తాళం. వాకిలి ఊడుస్తున్న అవ్వ చీపురు ఆపింది.

“నారింజలు తెచ్చిన పిల్లవి నువ్వేనా? ఇప్పుడా రావడం!”

“తలుపు తియ్యవా, అవ్వా. ఒంటిగంటకి పడవ.”

“నేను తీసేది కాదే తల్లీ. ఇరవై రోజుల కిందట ముసలి పెద్దాయన ఒకరు ఒడ్డుకొచ్చి కన్నుమూశారు. వంద రోజులదాకా తాళం ఆయన పెద్దకొడుకు దగ్గరే ఉంటుంది. ధూపం అతని చేతిమీదుగానే వెయ్యాలి.”

“అతన్ని పిలవరాదూ?”

“పొద్దున్నుంచీ ఈ మెట్టుమీదే కూర్చున్నాడు. మన పెద్దాయన కాపాడినవాడి కూతురొస్తుందని వాకిలి తనే కడిగాడు. నన్ను చూస్తే జడుసుకుంటుంది, నువ్వే దగ్గరుండి తీసుకురా, నేను తలుపు చాటున ఉంటానన్నాడు. పన్నెండుదాకా చూసి, ఇక రారేమోనని వేటకి పోయాడు. మళ్లీ రేపే.”

సువాంగ్ చేతిలో సంచీ బరువెక్కింది.

“తిమింగలానికి పెద్దకొడుకేమిటవ్వా?” అన్నాడు లామ్.

“అదీ తెలీకుండానే వచ్చారా?” అవ్వ మళ్లీ చీపురందుకుంది. “ఒడ్డుకు చేరిన పెద్దాయనని ముందుగా ఎవరు చూస్తే వాళ్లే పెద్దకొడుకై, తలకి తెల్లగుడ్డ కట్టి మూడేళ్లు మైల పట్టాలి నాయనా, ఈసారి చూసింది మా ఆరోవాడు.”