టీసీ ఫారంలో కారణం

అక్కా, దేవుడికి చెప్పుకున్నా గుండె బరువు దిగక ఈ కలం పట్టాను.

తొమ్మిదో తరగతిలోనే చదువు మానేస్తానని మావాడు మొండికేశాడు. టీసీ కోసం పొద్దున బడికి వెళ్లాం.

“మగపిల్లలంతా ఇలాగే జారిపోతున్నారమ్మా. మీ అమ్మాయైతే బంగారం,” అంటూ హెడ్మాస్టరుగారు ఫారం ఇచ్చారు.

కారణం దగ్గర ‘చదువు మీద ఇష్టం లేదు’ అని రాయబోయాను.

“అలా రాయకమ్మా,” అన్నాడు వాడు మెల్లగా. “ఇంట్లో కూర్చునే చోటు లేదని రాయి. అక్క చదువుకుంటోంది, బయటికి పోరా అని రోజూ నువ్వేగా తరిమావు?”

అన్నయ్య చదువుకుంటున్నాడని నాన్న మనిద్దరినీ వంటింట్లోకి తరిమేవారు, గుర్తుందా? నా కూతురికి ఆ గతి పట్టకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. కొడుకు మాట ఒక్కనాడూ ఎత్తలేదు.

“ఇకనుంచి చోటిస్తానురా,” అని అందరిముందూ వాడి చేతులు పట్టుకున్నాను.

“ఇప్పుడు పాఠం అర్థం కావట్లేదమ్మా,” అన్నాడు.

సంతకం పెట్టి వచ్చేశాను.

ఈ కాగితం నీ దగ్గరే దాచు. ఎవరికీ చూపకు, మా అమ్మాయికి అసలే వద్దు. ఇది చదివిందంటే పుస్తకం మూసేసి, లేచి తమ్ముడికి చోటిచ్చేస్తుంది.