తొక్కావా?

ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆయన ఫోర్ వీల్ డ్రైవ్ బండిని జాకీ మీద ఎత్తారు. ముందు చక్రాలు ఊడదీసి, డిస్కులకి కొత్త బ్రేకు ప్యాడ్లు వేశారు. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

"రూబీ, తొక్కు."

ప్యాడ్లు మార్చాక మొదట పెడలు నేలకంటా దిగిపోతుంది. నాలుగైదుసార్లు తొక్కితేగానీ బ్రేకు పట్టదు.

"తొక్కావా?"

"తొక్కానండీ. గట్టిపడిందండీ."

"తొక్కావా?"

మళ్ళీ మొత్తం చెప్పాను. మూడోసారీ చెప్పాను. విసుక్కోను.

తీసిన ప్యాడ్లు తుడిచి డబ్బాలో పెట్టాను. అవీ కొత్తవే, పోయిన ఆదివారం వేసినవి. బండి రెండేళ్ళుగా మా గేటు దాటలేదు.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, ఆయన బండికి ప్యాడ్లు మార్చి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ ఇదే మాట అడిగారు. వంటింట్లో మిక్సీ మోతలో నాకు వినబడలేదు. ఏమన్నారని, "ఆఁ?" అన్నాను.

తొక్కాననే అనుకున్నారాయన. తాళాలు మా అబ్బాయి జోయెల్ చేతికిచ్చారు. గేటు దాటితే కాలవ మలుపు. బండినీ, జోయెల్‌నీ సాయంత్రానికి పైకి తీశారు.

మేం ఒకరినొకరం ఏమీ అనుకోలేదు. మా ఇంట్లో "ఆఁ" అనడం మాత్రం మానేశాం.