ఏడాదికి ఎంత తిరుగుతారు?

పాత బండ్లు అమ్మేచోట లోపలే వండుకుని పడుకునే వీలున్న రెండు క్యాంపర్ వ్యాన్ల మధ్య నిలబడి, రిటైరైన బస్సు డ్రైవరు చెమట తుడుచుకున్నాడు. పొద్దుటి నుంచి ఇది నాలుగో దుకాణం.

“ఎక్కువ తిరిగేవాళ్లకి డీజిల్ కలిసొస్తుందండీ. తక్కువ తిరిగితే పెట్రోలే నయం,” అన్నాడు దుకాణదారు. “మీరు ఏడాదికి ఎంత తిరుగుతారు?”

డ్రైవరు వ్యాన్లో పరుపు నొక్కి చూస్తున్న భార్య వైపు చూశాడు.

“సరదాగా ఊళ్లు చూడ్డానికేగా?” అన్నాడు దుకాణదారు.

“కాదు బాబూ. మా ఇల్లు పోయింది. ఇక ఇందులోనే కాపురం,” అన్నాడు డ్రైవరు. “ఎక్కడ ఆపుకున్నా, జనం పొమ్మన్నప్పుడల్లా కదలాలి. ఎంత తిరుగుతామో నాకేం తెలుసు?”

దుకాణదారు తలదించుకున్నాడు.

భార్య మెల్లగా కిందికి దిగింది.

“పెట్రోలుదే తీసుకుందామండీ,” అంది. “మనుషులు మరీ అంత చెడ్డవాళ్లు కారులెండి.”